మాస్టారి నీలం బ్యాగు

మండవల్లి,
నవంబరు 12, 2024

జెస్సీ తల్లికి అత్తయ్య దీవెనలు.

మీ క్యాంపులో ఫోను పనిచెయ్యదు కాబట్టి నాకు మళ్ళీ ఉత్తరాలు రాసే రోజులొచ్చాయి. రాజమండ్రిలో మీ ఆఫీసు అడ్రసుకి వేస్తే, సరుకుల వ్యాన్ డ్రైవరు మత్తయి కూరగాయలతో పాటు కొండెక్కించి నీకిస్తాడని మీ నాన్న చెప్పాడు. వంకాయల తడికి అక్షరాలు అలుక్కుపోతే నన్ననకు.

సంగతేమిటంటే నేనొక బ్యాగు కొనుక్కోవాలి. వీపుకి తగిలించుకునేది. నవ్వకు. డిసెంబరుకి మీ యోసేపు మావయ్య పోయి ఏడాది. ఆయన తిరిగిన తాడేపల్లిగూడెం నడక సంఘం వాళ్ళు ఆయన పేరు మీద ఏటా ఒక నడక పెడతారట. మొన్న సంఘం లీడరు గోపీచంద్ గారూ, భార్య గాయత్రి గారూ ఇంటికొచ్చి పిలిచారు. "ఆ రోజు కొండ మీద ఆఖర్న మాస్టారి దగ్గరున్నది నేనేనండీ. ఇక ఎక్కలేను, దిగిపోతానని మొండికేశారు. ఆయన బ్యాగు ఆయన తగిలించుకుని వెనక్కి తిరిగారు. వెంట వెళ్ళకపోతినే అన్న బాధ నాకు పోదండీ" అని కళ్ళు తుడుచుకున్నారాయన. కాఫీ ఇచ్చాను. ఈసారి కొండలొద్దు, కొల్లేటి గట్ల మీద నడుద్దాం, రాత్రికి లంక ఊళ్ళో బడిలో పడుకుందాం, దారి నేను చూపిస్తానన్నాను. ముప్ఫై ఏళ్ళు ఏఎన్నెమ్‌గా పోలియో చుక్కల డబ్బా పట్టుకుని ఆ గట్లే కదా తిరిగాను!

ఏలూరులో బ్యాగుల షాపుకెళ్తే షాపాయన "కాలేజీ పిల్లలకాండీ?" అన్నాడు. నాకేనంటే కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, బ్యాగు మాత్రం చూపించలేదు. మనుషుల్ని కొండలెక్కించే ఉద్యోగం నీది. ఐదడుగుల మనిషికి, పగటి నడకకీ ఒక రాత్రి మకాముకీ ఎలాంటిది కావాలో రాయి. మావయ్య నీలం బ్యాగు ఉంది గానీ, పోలీసులు తిరిగిచ్చాక బీరువా మీద పెట్టించింది పెట్టినట్టే ఉంది. దించలేదు.

ఇక్కడ చలి మొదలైంది. పెలికాన్లు దిగాయి.

మీ అత్తయ్య,
పెర్సిస్

---

క్యాంపు, మారేడుమిల్లి దగ్గర,
నవంబరు 23

అత్తయ్యకు జెస్సీ వందనాలు.

మీ ఉత్తరం వంకాయలతో కాదు, ఉల్లిపాయలతో వచ్చింది. నేను చదువుతూ ఏడిస్తే మత్తయి ఉల్లిపాయల వల్లేనని అందరికీ చెప్పాడు. నిజానికి సంతోషంతోనే ఏడ్చాను. ఏడాదిగా మీరు గడప దాటట్లేదని నాన్న దిగులు పడుతున్నారు.

ఇక బ్యాగు. రంగు చూసి, జేబులు లెక్కపెట్టి కొనకండి. ముందు మీ వీపు కొలవండి. తల వంచితే మెడ కింద తగిలే ఎముక నుంచి నడుం ఎముక దాకా. ఆ కొలతకి సరిపోయిన బ్యాగే మీది, మనిషి ఎత్తుతో పనిలేదు. పగటి నడకకైతే ఇరవై లీటర్లది చాలు. రాత్రి ఉండాలంటే దుప్పటీ, స్వెట్టరూ పట్టాలి కనుక ముప్ఫై. నడుం బెల్టు తప్పనిసరి. బరువంతా నడుం మీద కూర్చోవాలి. భుజాలు బ్యాగు ఊగకుండా పట్టుకోవడానికి మాత్రమే. నీళ్ళ సీసా పక్క జేబులో, బ్యాగు దించకుండా చేతికందాలి. షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని చూస్తే ఏమీ తెలీదు, బరువు వేయించుకుని షాపంతా తిరగండి.

ఒక చిట్కా. మావయ్య బ్యాగు దించి తగిలించుకోండి. మీరిద్దరూ ఒకే ఎత్తు, వీపు కొలతా ఒకటే. ఆ పట్టీలు నేనే సరిచేశాను. లెక్కల మాస్టారు కదా, ఎంతవరకు లాగాలో తెలియడానికి రెండు పట్టీల మీదా పెన్నుతో గీత గీసుకున్నారు. గీత దగ్గర మీకు హాయిగా ఉంటే, అదే కొలతలో కొనేసుకోవచ్చు.

దించేటప్పుడు ఒక్కరే ఉండకండి. పక్కింటి యేసమ్మగారిని పిలవండి.

మీ జెస్సీ

---

మండవల్లి,
డిసెంబరు 3

జెస్సీ,

యేసమ్మని పిలవలేదు. పిలవకపోవడమే మంచిదైంది.

బ్యాగు తగిలించుకుంటే నా తొడల మీదకి వేలాడింది. నువ్వు చెప్పిన గీత కోసం వెతికాను. రెండు పట్టీలూ గీత దాటి జానెడు వదులుగా ఉన్నాయి. వాటంతటవే జారితే ఒకటి జారాలి, లేకపోతే హెచ్చుతగ్గులుగా జారాలి. ఇవి రెండూ సమానం. ఎవరో ఒక పొడుగు మనిషి తన ఒంటికి సరిపడా వదులు చేసుకున్నాడు.

నీకు తెలుసు కదా, బ్యాగు మావయ్య తల పక్కనే దొరికింది. పక్క జేబులో నీళ్ళ సీసా ఉంది, మూత సీలు కూడా విప్పలేదు. గ్లూకోజు పొట్లం విప్పలేదు, బిస్కెట్లు విప్పలేదు. షుగరు పడిపోయి ప్రాణం పోయిందన్నారు డాక్టర్లు. చెమటలు పడితే ముందు ఏం నోట్లో వేసుకోవాలో ఆయనకి నేర్పింది నేను. బ్యాగు చేతికందేలా ఉంటే ఆయన తినకుండా కూర్చుంటాడా?

సంఘం వాళ్ళు పంచిన ఫోటో తీసి చూశాను. శిఖరం మీద అందరూ చేతులెత్తి నిలబడ్డారు. మధ్యలో ఆరడుగుల గోపీచంద్ గారు. వీపున తన బ్యాగు, ఛాతీ మీద ఇంకొకటి. ముందున్న మనిషి చెయ్యి అడ్డొచ్చి సగమే కనపడుతోంది. నీలం.

ఇక అర్థం కానిదేముంది? మీ మావయ్య వెనకబడుతున్నాడని "బరువు నాకివ్వండి మాస్టారూ, మెల్లగా రండి" అని ఉంటాడు. నీళ్ళూ గ్లూకోజూ అన్నీ పట్టుకుని శిఖరానికి పోయాడు. దిగేటప్పుడు అందరికంటే ముందు దిగి, చచ్చిపోయిన మనిషి పక్కన బ్యాగు పెట్టి, తర్వాత కేకేశాడు.

ఆ మనిషికి నేను కాఫీ ఇచ్చాను జెస్సీ. బాగుందంటే ఇంకొంచెం పోశాను.

పెర్సిస్

---

క్యాంపు,
డిసెంబరు 14

అత్తయ్యా,

మీరు పట్టుకున్నది నిజమే. ఒకళ్ళ బ్యాగు ఇంకొకళ్ళు తగిలించుకుంటే మొదట చేసేది పట్టీలు మార్చుకోవడమే. మా దగ్గర ఇది పెద్ద నేరం. మనిషిని వదిలినా వదలొచ్చు గానీ, అతని నీళ్ళు పట్టుకుని వదలకూడదని మొదటి రోజే చెప్తాం.

పట్టీలు ముట్టుకోకండి. ఫోటోలు తీసి, నాన్నని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళండి. కేసు మళ్ళీ తెరవమనండి. ఒక్కరే ఆ మనిషి ఇంటికి మాత్రం వెళ్ళకండి.

నాకు క్రిస్మస్‌కి సెలవు ఇవ్వలేదు. ప్రార్థనలో మిమ్మల్నే తలుచుకుంటాను.

జెస్సీ

---

మండవల్లి,
జనవరి 8, 2025

బంగారు తల్లికి అత్తయ్య దీవెనలు.

వెళ్ళాం. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. అంతా విని, "పట్టీలు వచ్చి సాక్ష్యం చెప్పవు కదమ్మా. సగం కనపడే ఫోటోతో నేనేం చెయ్యను?" అన్నాడు. మీ నాన్న పోట్లాడబోతే నేనే లేవదీశాను.

క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పారు. నా వంక చూస్తూనే చెప్పారు. మీ నాన్న ముందే చెప్పి ఉంటాడు. ఇంటికొచ్చి చేపల పులుసు వండుకుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. నా మనసు ఒక దారికొచ్చింది. ఇక కేసు మాటలొద్దు. గోపీచంద్ గారికి కూడా ఫోను చేసి, డిసెంబరులో నేను రాలేనంటే ఆగిపోయిన నడక తప్పకుండా పెడదామన్నాను. చాలా సంతోషించారు.

బ్యాగు సంగతి ఎక్కడ ఆగాం? ముప్ఫై లీటర్లన్నావు. ఇంకొంచెం పెద్దదైనా పర్లేదు. నా సామానుతో పాటు ఇంకొకళ్ళ చిన్న బ్యాగు ఉన్నదున్నట్టు లోపల పట్టాలి. నోరు వెడల్పుగా ఉండాలి, గబుక్కున దోపేలా. బయటికి ఉబ్బెత్తుగా కనపడకూడదు. ఒకరి బరువు మీద పడ్డా నా నడక వేగం తగ్గకూడదు. ఇలాంటిది దొరుకుతుందా?

నీకు సున్నుండలు పంపుతున్నాను. మత్తయికి రెండివ్వు, లేకపోతే అన్నీ వాడే తినేస్తాడు.

మీ అత్తయ్య

---

క్యాంపు,
జనవరి 27

అత్తయ్యకు ప్రేమతో వందనాలు.

మీ ఉత్తరం చదివాక నా గుండె తేలికపడింది. మీరు ఆ మనిషికి ఫోను చేశారంటే మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. నాకైతే అంత పెద్ద మనసు లేదు. పైగా నడవలేని వాళ్ళ బరువు కూడా మోస్తానంటున్నారు! మావయ్యకి ఎవరూ చెయ్యని సాయం మీరు ఊరందరికీ చేస్తున్నారు. మీ ఉత్తరంలో ఆ ముక్క మాత్రం పేర్లు చెప్పకుండా మా బ్యాచ్‌కి చదివి వినిపించాను.

బ్యాగు మీరు కొనొద్దు. నేనే పంపుతున్నాను, ఏలూరు బస్టాండులో కార్గో ఆఫీసులో తీసుకోండి. ముప్ఫై ఐదు లీటర్లు, మట్టి రంగు. పై మూత మొత్తం వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి చిన్న బ్యాగు అలాగే దిగిపోతుంది. రెండు పక్కలా బిగించే పట్టీలున్నాయి, లాగితే సన్నబడిపోతుంది. మెత్తటివి అడుగున, బరువైనవి వీపుకి ఆనించి మధ్యలో, వాన కవరు పైన. ముందు నడుం బెల్టు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగండి. మొదటి వారం ఐదు కిలోల బియ్యంతో గట్టు మీద నడిచి చూడండి.

సున్నుండలు మత్తయే తినేశాడు. నాకు ఒకటి మిగిల్చాడు.

మీ జెస్సీ

---

మండవల్లి,
మార్చి 20

జెస్సీ,

నీ బ్యాగు ప్రాణం లాంటిది. బియ్యం వేసుకుని రోజూ పొద్దున్నే చేపల చెరువుల గట్ల మీద తిరుగుతున్నాను. "పెర్సిసమ్మగారు బియ్యం ఎవరికో పంచడానికి పోతున్నారు" అనుకుంటున్నారు ఊళ్ళో. ఇప్పుడు పది కిలోలు వేసినా నడుం నొప్పి లేదు.

నువ్వు నా గురించి పొరబడ్డావు. అప్పుడే రాయాల్సింది. రాస్తే బ్యాగు పంపేదానివి కాదు.

నడక ఎల్లుండి. ఫిబ్రవరిలో చల్లగా ఉంటుంది, అప్పుడే పెడదామని గోపీచంద్ గారన్నారు. మార్చి చివరైతే పక్షులు పిల్లల్తో ఉంటాయని చెప్పి నేనే వెనక్కి జరిపాను. నాకు కావలసింది పక్షులు కాదు, ఎండ. చేపల పట్టుబడి అయిపోయి, నీళ్ళు తోడేసి, మనిషనేవాడు లేని చెరువులు. ఒక గట్టుకీ ఇంకో గట్టుకీ తేడా తెలీదు. చెట్టు లేదు. కొత్తవాడు సాయంత్రం దాకా తిరిగినా తారురోడ్డు దొరకదు.

ఆయన బరువు నేను మోస్తాను. ఆయన సీసా, ఆయన ఫోను, ఆయన టోపీ. అన్నీ నీ బ్యాగులో పడతాయి. "మెల్లగా రండి" అని ముందుకి నడిచేస్తాను.

ఇది నీకు అందేసరికి అంతా అయిపోతుంది. మీ నాన్నకి చెప్పకు.

పెర్సిస్

---

క్యాంపు,
మార్చి 29

అత్తయ్యా,

వ్యాన్ బ్రేకులు పోయి మత్తయి ఈ రోజే వచ్చాడు. మీ ఉత్తరం చదివి, సిగ్నలు అందే మలుపు దాకా పరిగెత్తాను. మీ ఫోను స్విచాఫ్. నాన్న ఎత్తట్లేదు. ఏం చేశారు? ఆ మనిషి బతికే ఉన్నాడా?

ఏ బ్యాగు పట్టుకుంటే ఒక మనిషిని చంపడం సులువో నేనే దగ్గరుండి నేర్పాను కదా మీకు. నోరు వెడల్పన్నారు, వేగం తగ్గకూడదన్నారు. ఒక్క మాట కూడా నాకు అనుమానం రాలేదు. మిమ్మల్ని దేవత అనుకున్నాను.

ఏదైనా సరే, నాకు రాయండి. వెంటనే.

జెస్సీ

---

మండవల్లి,
ఏప్రిల్ 2

జెస్సీ తల్లీ,

బతికే ఉన్నాడు. ఫోను కావాలనే కట్టేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాత్రి అందరం లంకలో బడి వరండాలో పడుకున్నాం. పొద్దున్న ఫలహారాలయ్యాక మిగతావాళ్ళని పాపారావు గారితో రోడ్డు మీదకి పంపించాను. ఆయన సంఘంలో పెద్దాయన, దారి అడిగి తెలుసుకునే మనిషి. గోపీచంద్ గారితో మాత్రం, "పెద్ద పక్షుల గూళ్ళు దగ్గర్నుంచి చూపిస్తానండీ. గుంపొస్తే ఎగిరిపోతాయి, మీరొక్కరే రండి" అన్నాను. ఫోటో అంటే ఆయనకి ప్రాణం. కెమెరా మెళ్ళో వేసుకుని వచ్చేశాడు.

ఎండెక్కాక అన్నాను. "బ్యాగు ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ, మీరు కెమెరా చూసుకోండి."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాడు. అంటూనే ఇచ్చేశాడు. ఫోనూ టోపీ కూడా దాంట్లోనే వేశాడు. అంతా నీ బ్యాగులో దిగిపోయింది. బెల్టు బిగించాను. "మెల్లగా రండి" అన్నాను. ఆ మాటకి ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. అంతే.

మలుపు తిరిగి పాత మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. నాకు నీడ ఉంది, నీళ్ళున్నాయి. తడికె సందులోంచి ఆయన కనపడుతున్నాడు. మొదట "పెర్సిస్ గారండీ" అని పిలిచాడు. తర్వాత గట్టిగా. తర్వాత తిట్టాడు. ఒక గట్టు ఎక్కి, తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాడు. చెరువు అడుగున మిగిలిన మురుగునీళ్ళు దోసిట్లోకి తీసుకుని, వాసన చూసి పారబోశాడు. అప్పుడు ఏడ్చాడు.

నీకు అబద్ధం చెప్పను. నాకు బాగుంది. ఏడాదిగా ఏ పాటా, ఏ ప్రార్థనా అంత బాగా వినపడలేదు.

కాసేపటికి చొక్కా ఆరిపోయింది. చెమట పట్టడం ఆగిపోయిందన్నమాట. కాళ్ళు తడబడ్డాయి. ఇంక కాసేపు ఊరుకుంటే చాలు. నేను చెయ్యాల్సిందేమీ లేదు. అప్పుడు పిలిచాడు జెస్సీ, నన్ను కాదు. "మాస్టారూ" అని పిలిచాడు.

వెళ్ళాను. చేతికందనంత దూరంలో సీసా పట్టుకుని కూర్చున్నాను.

"ఆ రోజు బ్యాగు మీరే తీసుకున్నారా?"

"తీసుకున్నానండీ."

"మాస్టారు పిలిచారా?"

"పిలిచారండీ. గ్లూకోజు అని అరిచారు."

"వినపడిందా?"

"వినపడింది. అప్పటికే శిఖరం కింద ఉన్నామండీ. వెలుతురు పోతే ఫోటో రాదని... దిగేటప్పుడు ఇద్దామనుకున్నాను."

ఇంతదాని కోసం చచ్చిపోయాడు మీ మావయ్య. ఒక ఫోటో వెలుతురు కోసం.

ఓఆర్ఎస్ కలిపి చెంచాడు చెంచాడుగా పట్టాను. తల మీద తడిగుడ్డ వేశాను. జబ్బ పట్టుకుని రోడ్డెక్కించాను. క్షమించానని అనుకోకు. ఆయన చచ్చిపోతే ఆ మాట చెప్పే నోరు ఇంకెక్కడా ఉండదు. అందుకే బతికించాను.

ఇప్పుడు విను. రోడ్డు మీద అందరికీ ఏం చెప్పాడో తెలుసా? దారి తప్పి ఎండదెబ్బ తగిలితే పెర్సిస్ గారు వెతికి పట్టుకుని ప్రాణం పోశారని. పన్నెండో తారీఖు శనివారం తాడేపల్లిగూడెంలో నాకు సన్మానం పెట్టారు. నా నోరు మూయించడానికి శాలువా కప్పుతున్నాడు.

మీ అత్తయ్య

---

క్యాంపు,
ఏప్రిల్ 8

అత్తయ్యా,

ఉత్తరం ఆగి ఆగి చదివాను. మీరు లేచి వెళ్ళినందుకు దేవుడికి స్తోత్రం. ఇక చాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ శాలువా కప్పించుకుని ఇంటికొచ్చెయ్యండి. ఆయన నోరు విప్పడు, ఎందుకంటే విప్పితే మొదటిది కూడా చెప్పాల్సొస్తుంది. మీరు విప్పితే మాత్రం జైలుకెళ్ళేది మీరు. ఆయన చేసింది నిర్లక్ష్యం అంటారు. మీరు చేసింది కావాలని చేశారంటారు. చేతికొచ్చే పింఛను కూడా పోతుంది.

మత్తయి ఈ ఉత్తరం కోసం రాజమండ్రి దాకా ప్రత్యేకంగా బండి నడుపుతున్నాడు. అందాలని ప్రార్థిస్తున్నాను.

జెస్సీ

---

మండవల్లి,
ఏప్రిల్ 14

నా జెస్సీకి,

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. చీర మార్చుకుంటూ ఇంకోసారి చదివాను. నువ్వన్నది అక్షరాలా నిజం. అయినా వెళ్ళాను.

హాలు నిండా జనం. గాయత్రి గారు స్వయంగా శాలువా కప్పి, "నా పసుపు కుంకుమలు నిలబెట్టారు వదినగారూ" అని నా చేతులు కళ్ళకద్దుకుంది. ఆమెని చూసి ఒక్క నిమిషం వెనకాడాను. మైకు ఇచ్చారు. గోపీచంద్ గారు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

చెప్పాను. ముందు నేను చేసిందే చెప్పాను. ఆయన బ్యాగు ఎలా అడిగి తీసుకున్నానో, ఎక్కడ దాక్కున్నానో, ఆయన ఏడుస్తుంటే నాకెలా ఉందో. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో "అమ్మగారికి ఒంట్లో బాగోలేదు" అని మైకు తీసుకోబోయారు. ఇవ్వలేదు. "ఎందుకు చేశానో కూడా వినండి" అని రెండోది చెప్పాను. గ్లూకోజు అని అరిచింది చెప్పాను. వెలుతురు చెప్పాను.

గోపీచంద్ గారు లేచి, "భర్త పోయిన దుఃఖంలో మాట్లాడుతున్నారండీ, పాపం" అన్నారు.

అప్పుడు పాపారావు గారు లేచారు. "ఆ నీలం బ్యాగు నేనూ చూశానండీ. శిఖరం మీద అడిగితే తిండి సామాను అన్నారు మీరు. మాస్టారిదని నాకు తట్టలేదు" అన్నారు.

గాయత్రి గారు స్టేజి మెట్ల మీదే నిలబడి, "ఏవండీ, మాస్టారు పిలవడం మీకు వినపడిందా?" అనడిగారు. కేకలు లేవు, మామూలు గొంతే. ఆయన కిందకి చూశాడు. ఆమె ఇంకోసారి అడిగారు. ఆమె మెట్లు దిగి, ఆయన ముందు నుంచే నడిచి, బయట ఆటో పిలిచి పుట్టింటికి పెంటపాడు వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే వెళ్ళబోతే జనం పక్కకి జరగలేదు.

ఆమెకి అన్యాయం చేశానేమో. అది నా మీద ఉంటుంది, మొయ్యాల్సిందే. ఆయనకి మాత్రం ఏమీ తగ్గించలేదు.

పోలీసులు ఇద్దరినీ రేపు స్టేషనుకి రమ్మన్నారు. రెండు కేసులూ రాస్తారట. మీ నాన్న లాయరుని మాట్లాడి, ఎండ వల్ల మతి చెడిందని చెప్పమంటున్నాడు. చెప్పను. చేసింది చేశానని రాసిస్తాను. పింఛను సంగతి వాళ్ళిష్టం.

స్టేషన్లో వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒకటే బెంచీ ఉంది, ఆ మధ్య వెళ్ళినప్పుడు చూశాను. నేను పెందరాళే వెళ్ళి కూర్చుంటాను. ఆయన వచ్చి నా పక్కనే కూర్చోవాలి.

మీ అత్తయ్య,
పెర్సిస్